చేబదులు

మూతపడ్డ జిన్నింగు మిల్లు మిద్దె మీద
నాలుగు గ్లాసులు, ఒక నోటుబుక్కు.
శనివారం, తొమ్మిది దాటినాక కూడా
పగలు మింగిన ఎండను
బండల్లోంచి మెల్లగా వదుల్తా ఉంది ఆదోని.

సీసాలకు పాత పేపరు చుట్టి తెచ్చినాడు భీమలింగ,
పేరు చూసి మార్కులేస్తామని వాడి భయం.
బెంగుళూరు నుంచి, లారీ సీటు కింద.
చెక్‌పోస్టు ఎట్లా దాటినాయంటే
మా నోటుబుక్కులో ఆ గడి లేదు.
ఉండేవి ఐదే:
రంగు, నురగ, వాసన, రుచి, మింగినాక మిగిలేది.
ఒక్కోదానికి పది.

మొదటిది నల్లనిది.
పద్దెనిమిది నెలలు విస్కీ పీపాలో పండుకొని లేచిందంట.
నేను పత్తి గ్రేడరును,
బొటనవేళ్ళ మధ్య పింజ లాగి
పొడుగు చెప్పి బతికినవాణ్ణి.
అదే అలవాటున ఒక గుక్కను నాలుక మీద సాగదీసి చూసినాను.
మాడబోయి ఆగిన బెల్లం పాకం.
తడిసిన టేకు తలుపు.
మా అవ్వ సందుగ మూత ఎత్తితే లోపలుండే చీకటి.
రుచికి ఎనిమిదిన్నర.
"చీకటికి మార్కులేందప్పా" అని నవ్వి
భీమలింగ ఆరిచ్చినాడు.
నిద్ర ఎక్కువైందంట దానికి,
గొంతు దిగినా లేవలేదంట.

రెండోది అడవిది.
దాంట్లో ఈస్టు ఎవరూ వేయలేదు.
రాత్రంతా తొట్టి మూత తీసి పెడితే
ఆ దోవన పోయే గాలి వేసిపోయిందంట.
మొదటి గుక్కకు సుంకన్న మొహం ముడుచుకుంది:
"మూడోనాటి అంబలి కదరా ఇది,
దీనికి ఆరునూర్లా?"
రెండో గుక్కకు మాట్లాడలేదు.
మూడో గుక్కకు గ్లాసు ఎత్తి
వీధిదీపానికి అడ్డంగా పట్టుకొని చూసినాడు.
"తొమ్మిది, రాసుకో" అన్నాడు
పంచాయితీలో ఓడిపోయినోని మాదిరి.

ఓబులేసు ఇంకా నోరు విప్పలేదు.

రెండేండ్ల కిందట ఒక జ్వరం
వాడి ముక్కులోంచి లోకాన్ని తీసుకొనిపోయింది.
అంతకుముందు నూనెమిల్లులో వాడిదే మాట,
సంచి ముడి విప్పకుండానే
బూజుపట్టిన కాయ ఏదో వేలుపెట్టి చూపేవాడు.
ఇప్పుడు అదే మిల్లు గేటు కాడ టోకెన్లు చింపుతాడు.
వాడు మాతో కూర్చున్న మొదటి శనివారం
వాడి వరుసలో వాసన గడికి అడ్డగీత కొట్టినాను,
మర్యాద అనుకొని.
పెన్ను గుంజుకొని
ఆ గీత మీదనే "సున్న" అని అక్షరాల్లో రాసినాడు.
నెల రోజులు మళ్ళీ మిద్దె ఎక్కలేదు.

ఈ పొద్దు గ్లాసును చెవి కాడ పెట్టుకున్నాడు.
"నల్లది మూగది.
ఇది మాట్లాడుతుంది, పేలాల మూకుడు దించినాక
ఇంకా రెండు గింజలు చిటచిటమన్నట్టు."
నురగకు తొమ్మిది.
తర్వాత తాగినాడు.
దవడల కింద రెండు పక్కలా చెయ్యి పెట్టుకొని
కండ్లు మూసుకున్నాడు.
"పులుపు నన్ను ఇంకా గుర్తుపడుతుంది రా."

ఎవరమూ ఏమీ అనలేదు.
కింద సందులో ఎవరో స్కూటరు తన్ని తన్ని స్టార్టు చేస్తా ఉన్నారు.

"వాసన ఏముంది? చెప్పు" అని నన్నడిగినాడు.
చింతచిగురు అన్నాను. పాత జీను తోలు అన్నాను.
వాన ఇంకా పడలేదు, పడబోతాది,
అప్పటి రేగడి అన్నాను.
"యా చేను?"
నేను అంత దూరం పోలేదు. అయినా చెప్పినాను:
"కౌతాళం దోవలో. మీ చేను దాటినాక."
"మా చేను దాటినాకనా."
కొంచేపు లెక్కేసుకున్నాడు.
"దాటినాక ఉప్పునేల గదప్పా. ఆరు కంటే ఎక్కువ రాదు."

తనే రాసుకున్నాడు. వాసన: ఆరు.
పక్కన చీమతలంత అక్షరాల్లో: చేబదులు.

పేపరు విప్పితే
సీసా మీది పేరు మాలో ఒక్కనికీ నోరు తిరగలేదు.
మూడోది ఉంది ఇంకా.
భీమలింగ ఓపెనరు వెతుకుతా ఉన్నాడు,
అది వాడి చెప్పు కిందనే ఉంది.